సారు జేబులో రాజు

సారు చనిపోయిన సంగతి నాకు ఫ్లెక్సు ఆర్డరుతో తెలిసింది.

నిజామాబాద్ బస్టాండు వెనక సందులో నాకొక చిన్న ఫ్లెక్సుల దుకాణం ఉంది. పెళ్ళి, పుట్టినరోజు, గృహప్రవేశం, సంతాపం అన్నీ ఒకే మిషన్లోంచి వస్తాయి. ఆ ఉదయం బోధన్ నుంచి, మా కాలేజీలోనే చదివిన ఒకాయన వాట్సాప్‌లో రెండు ఫోటోలూ, నాలుగు లైన్ల మ్యాటరూ పంపాడు. మొదటి ఫోటో మా వైపు నాయకుడిది. చేతులు జోడించి నవ్వుతున్న ఆ ఫోటోను నేను ఎన్నిసార్లు ప్రింటు కొట్టానో లెక్కలేదు కాబట్టి సరిగా చూడకుండానే పక్కకు జరిపాను. రెండోది తెరుచుకోవడానికి కాస్త టైం పట్టింది. దళసరి అద్దాలు, వాటి వెనక చిన్నవైపోయిన కళ్ళు, చొక్కా జేబులో పెన్ను. డిగ్రీలో మాకు చరిత్ర చెప్పిన సారు.

మ్యాటరు ఇదీ. "చెరకు రైతుల ఆత్మబంధువు, మన ఫ్యాక్టరీ మళ్ళీ నడుస్తుందని ఆఖరి శ్వాస దాకా నమ్మిన యోధుడు. సారు మరణించలేదు. మన గుండెల్లో బతికే ఉన్నారు." దాని కింద 'ఇట్లు' అని నాయకుడి పేరు, ఆ తర్వాత ఆయన వెంట తిరిగేవాళ్ళ పేర్లు పదకొండు. నాయకుడి ఫోటో సారు ఫోటోకు రెండింతలు ఉండాలని విడిగా ఒక వాయిస్ మెసేజ్.

నాకు ఏడుపు రాలేదు. ముందు ఒళ్ళు మండింది. ఏడుపు తర్వాత వచ్చింది కానీ, అదీ కోపంతోనే వచ్చింది. ఆ నాలుగు లైన్లలో నిజమన్నది ఒక్కటి లేదు. మూతపడ్డ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మళ్ళీ నడుస్తుందని సారు ఏనాడూ నమ్మలేదు. అది చచ్చిపోయిందని చెప్పడానికే ఊరూరా తిరిగి తన్నులు తప్ప అన్నీ తిన్నారు. ఇక 'బతికే ఉన్నారు' అన్న మాటంటారా, చనిపోయినవాళ్ళ గురించి ఎవరైనా అలా అంటే సారుకు ఎంత మంటో మా క్లాసులో బల్లలక్కూడా తెలుసు.

ఆయన 'కాలం చేశారు' అనేవారు కాదు. 'స్వర్గస్థులయ్యారు' అనేవారు కాదు. ఒకసారి ప్రిన్సిపాల్ గారి అత్తగారు పోయినప్పుడు స్టాఫ్ రూములో అందరూ 'దేవుడి దగ్గరికి వెళ్ళారట' అంటూ మెల్లగా మాట్లాడుకుంటుంటే సారు వచ్చి, "పాపం, చచ్చిపోయారటగా, ఎప్పుడు ఎత్తుతున్నారు?" అని అడిగారట. ప్రిన్సిపాల్ ఆయనతో నెల రోజులు మాట్లాడలేదు. సారు మాత్రం పాడె మోయడానికి అందరికంటే ముందు వెళ్ళారు, భుజం కమిలేదాకా మోశారు.

సారుది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. కాలువ నీళ్ళు పారే భూమి దొరుకుతుందని వాళ్ళ తాత వచ్చి బోధన్ పక్కన స్థిరపడ్డాడు. అట్లా వచ్చినవాళ్ళ పల్లెల్ని మా దగ్గర ఇప్పటికీ క్యాంపులనే అంటారు. మూడు తరాలు గడిచినా వాళ్ళు మాకు క్యాంపోళ్ళే. సారు మామూలుగా ఉన్నప్పుడు వాళ్ళ తాత భాష మాట్లాడేవారు. "కూర్చోండమ్మా, ఏమిటి కబుర్లు?" అనేవారు. కోపం వచ్చిందంటే మాత్రం మా భాషలోకి దిగేవారు. "ఏందిరా గా లొల్లి? దిమాక్ ఉన్నదా?" అని అరిస్తే గది గప్‌చిప్ అయిపోయేది. తిట్టడానికి మాత్రం మా భాషే బాగుంటుందని ఆయనకు గట్టి నమ్మకం. సారు ఏ భాషలో ఉన్నారో విని, ఆ రోజు హోంవర్కు చూపించాలో దాచాలో తేల్చుకునేవాళ్ళం.

చూపు బొత్తిగా ఆనేది కాదు. అద్దాలు ఉన్నా నాలుగో బెంచీ దాటితే అంతా మసకే. ఒకరోజు గోడకు తగిలించిన గొడుగును చూసి, "ఎందుకమ్మా నిలబడ్డావు, కూర్చో" అన్నారు. మేం నవ్వితే ఆయనా నవ్వారు. ఒంట్లో షుగరు ఉండేది. ఫ్యాక్టరీ ఆగినా తనలో చెరకు క్రషింగ్ ఆగలేదనేవారు. టీలో చక్కెర వేసుకునేవారు కాదు గానీ, ఎవరైనా చెరకు గడ తెస్తే ఎవరూ చూడకుండా నమిలేవారు.

ఇలాంటి మనిషికి ఒక పిచ్చి ఉండేది. ఆ పిచ్చి పేరు లూట్జెన్.

అది జర్మనీలో ఒక చిన్న ఊరు. పదహారు వందల ముప్పై రెండులో అక్కడ ఒక పెద్ద యుద్ధం జరిగింది. మా పుస్తకంలో దాని గురించి రెండున్నర లైన్లు ఉండేవి. ఆ రెండున్నర లైన్లకు సారు రెండు వారాలు తీసుకునేవారు. పరీక్షలో రాదని మేం గొణిగితే, "పరీక్షలో రాదు, బతుకులో వస్తుంది" అనేవారు. మేం ముఖాలు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే చెంప మీద కొట్టినట్టు ఉంటుంది.

ఆ పాఠం నాకు అంతగా ఎందుకు గుర్తుండిపోయిందంటే, అందులో సైన్యం నాది. మా దగ్గర అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. మా అవ్వ బీడీలు చుట్టేది. నేనూ చుట్టేదాన్ని. ఇంట్లో టైం సరిపోక, చుట్టిన బీడీల్ని సంచిలో వేసుకొచ్చి వెనక బెంచీలో కూర్చుని ఇరవై అయిదు చొప్పున లెక్కపెట్టి దారంతో కట్టలు కట్టేదాన్ని. ఒకరోజు సారు వాసన పట్టారు. చూపు లేకపోయినా ముక్కు గట్టిది. వచ్చి నా ఒళ్ళోంచి సంచి తీసుకున్నారు. ఇక అయిపోయాను అనుకున్నాను.

సారు సంచిని తీసుకెళ్ళి బల్ల మీద కుమ్మరించారు. కట్టల్ని నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టారు. "చూడండి. ఇది జర్మనీ చక్రవర్తి దండు. బరిసెలు పట్టుకుని ఇట్లా దిట్టంగా, గుంపుగా నిలబడతారు. గోడలాగా. కదలడం కష్టం, కదిలించడమూ కష్టం." నా కట్టల్లో రెండింటి దారం విప్పి బీడీల్ని బల్లకు ఇవతల పలచగా వరసలు పేర్చారు. "వీళ్ళు స్వీడన్ వాళ్ళు. పలచటి వరసలు. చురుగ్గా తిరుగుతారు, తొందరగా కాలుస్తారు. మధ్యలో రోడ్డు, రోడ్డు పక్కన కందకం." కందకం గీయడానికి నా స్కేలు పెట్టారు. "వీడు స్వీడన్ రాజు" అని ఒక బీడీని తీసి ముందు వరసలో పెట్టారు. "మంచి రాజే. సైన్యంతోపాటు తానూ ముందుకు దూకేవాడు. పాత గాయం నొప్పికి ఇనుప కవచం వేసుకోలేదు, తోలు కోటుతో వచ్చాడు. దూరపు చూపు లేదు పాపం. నాలాంటివాడే."

మేం నవ్వాం. సారు నవ్వలేదు. డస్టరు తీసుకుని బల్ల అంచు మీద దబదబా బాదారు. సుద్ద పొడి లేచి కట్టలన్నిటి మీదా కమ్ముకుంది. ముందు బెంచీలవాళ్ళు దగ్గారు.

"ఇది మంచు. పొద్దున్నుంచీ మంచు. దానికి తోడు తుపాకుల పొగ. ఎవడికి ఎవడూ కనపడడు."

ఆ పొడి అణగకముందే ఆయన చెయ్యి చటుక్కున ముందు వరసలోకి వెళ్ళింది. రాజును ఎత్తి చొక్కా జేబులో వేసుకున్నారు.

"ఇప్పుడు చెప్పండి. రాజు ఎక్కడ?"

"మీ జేబుల ఉన్నడు సార్."

"సైన్యానికి తెలుసా?"

"తెల్వదు సార్."

"తెలియదు. దారి తప్పి శత్రువుల మధ్యలోకి పోయాడు, గుండ్లు తగిలాయి, పడిపోయాడు. ఖాళీ జీనుతో, నెత్తురుతో గుర్రం ఒక్కటే వెనక్కి పరిగెత్తింది. దాన్ని చూసినవాళ్ళు బెదిరిపోయారు. వెనక వరస సేనాని ఏం చెప్పాడో తెలుసా? 'రాజుకు చిన్న గాయమే, ఏమీ కాలేదు' అన్నాడు." సారు గొంతు అక్కడ మారిపోయింది. భాష కూడా మారింది. "సచ్చినోన్ని సచ్చిండని చెప్పలే. గాయమే అన్నరు. గా మాట నమ్మి పోరగాండ్లు పొద్దుగూకే దాకా కొట్లాడిండ్రు, వేలమంది పీనుగులైండ్రు. గెలిచిండ్రు. పుస్తకంల గదే రాసిండ్రు, గెలిచిండ్రు అని. రాజు పోయినంక గా యుద్ధం ఇంక పదహారేండ్లు నడిచింది. ఎవరి కోసం నడిచింది? చెప్పుండ్రి!"

గంట కొట్టారు. నేను కట్టల్ని మళ్ళీ కట్టుకుంటే ఒక బీడీ తక్కువైంది. భయం భయంగా బల్ల దగ్గరికి వెళ్ళి, "సార్, ఒకటి తక్కువ వడ్డది, మా అవ్వ కొడ్తది" అన్నాను. సారు జేబు మీద చెయ్యి పెట్టుకుని, "చచ్చిపోయాడమ్మా, తిరిగి ఇవ్వడం కుదరదు" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడినా మాట్లాడకుండా జేబు మీద రెండుసార్లు తట్టి చూపేవారు. అది మా ఇద్దరి మధ్య ఒక ఆట. అప్పటికి ఆటే.

మేం డిగ్రీ చదువుతుండగానే సీజను మధ్యలో ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఎందుకు ఆగిందో, ఎవరు ఆపారో పెద్దవాళ్ళు వంద కారణాలు చెప్పేవాళ్ళు, నాకు ఇప్పటికీ అర్థం కావు. ఆగిందన్నది నిజం. నాయకుడు మాత్రం ఆగిందని అనలేదు. మీటింగు పెట్టి, "ఫ్యాక్టరీకి జర జ్వరమొచ్చింది. రెండు గోలీలేస్తే లేచి కూసుంటది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ జనంలోంచి సారు లేచి, "బాయిలరు చూపించండి. లోపలికి పది మంది రైతుల్ని తీసుకెళ్ళండి. చచ్చిందో బతికుందో వాళ్ళే చెప్తారు" అన్నారు. నాయకుడు మైకులో నవ్వాడు. "సారుకు సరిత్ర ఎర్క, చక్కెర సంగతి ఎర్కలేదు" అన్నాడు. సభంతా గొల్లుమంది. మా బాపు కూడా నవ్వాడు. పక్కనే ఉన్న నేనూ పెదవి బిగించుకోలేక నవ్వాను.

మాది ఎడపల్లి. రెండెకరాల చెరకు. ఫ్యాక్టరీ ఆవిరి కూతతోనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది, కూతతోనే మా అవ్వ బీడీల చాట ముందు కూర్చునేది. చెరకు నరికిన తర్వాత మొదళ్ళను అట్లాగే ఉంచి నీళ్ళు పెడితే మళ్ళీ చిగురు వేసి రెండో పంట వస్తుంది. వద్దనుకుంటే దున్నేసి వేరే పంట వేసుకోవాలి. ఉంచాలా, దున్నాలా అన్నది మా వైపు ముసలివాళ్ళు ఫ్యాక్టరీ కూతను బట్టి చెప్పేవాళ్ళు. కూత వినపడుతుండగా మొదళ్ళ మీద నాగలి పెడితే అరిష్టమని ఒక పట్టింపు. ట్రాక్టర్లు వచ్చినా ఆ పట్టింపు పోలేదు. కూత ఉందంటే ఫ్యాక్టరీ ఉంది, ఫ్యాక్టరీ ఉందంటే చెరకు ఉండాలి. ఇంత సాదా లెక్క.

ఆ యేడు మా తోట చెరకును నానా తంటాలు పడి లారీల్లో దూరపు ఫ్యాక్టరీకి పంపాం. మొదళ్ళు మిగిలాయి. నెలల తరబడి కూత లేదు. బాపు మనసు రాయి చేసుకుని, దున్నేసి పసుపు వేద్దామని ట్రాక్టరు మాట్లాడాడు. ఆ పొద్దున మంచు బాగా పట్టింది. ట్రాక్టరు గట్టు మీదికి వచ్చి నిలబడింది. డ్రైవరు బీడీ కాల్చి పారేసి స్టార్టు చేయబోతుంటే కూత వినపడింది.

బోధన్ వైపు నుంచే. సన్నగా, చాలాసేపు. బాపు తలపాగా తీసేసి నిలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నేను మొదటిసారి చూశాను. ట్రాక్టరును వాపసు పంపాడు. పంపడమే కాదు, మోటరు వేసి మొదళ్ళకు నీళ్ళు వదిలాడు.

గంట కూడా కాలేదు, మంచులోంచి సారు మోపెడ్ వచ్చింది. అద్దాల మీద తేమ తుడుచుకుంటూ, ఏ గట్టు ఎక్కడుందో తెలియక తడుముకుంటూ వచ్చారు. అప్పటికే మూడు ఊళ్ళు తిరిగి వచ్చారని తర్వాత తెలిసింది.

"నీళ్ళు ఆపేయండి! అది ఫ్యాక్టరీ కూత కాదు!"

బాపు పార పట్టుకుని నిలబడ్డాడు. "నా సెవులతోని ఇన్న సార్."

"నా కళ్ళతో చూశానండీ. నాయకుడి మనుషులు గేటు ముందర జీపు మీద కరెంటు సైరను కట్టారు. కొబ్బరికాయ కొట్టి మోగించారు. ఆవిరి కూత కింది నుంచి లేచి పైకి ఎక్కుతుంది, మీకు నాకంటే బాగా తెలుసు. ఇది ఎక్కిందా? చిమ్నీ చూశారా, పొగ ఉందా?"

"గింత మంచుల పొగ ఏడ కనవడ్తది?"

"అదే! మంచులోనే మోగించారు. ఎవరికీ కనపడదని." సారు భాష మారిపోయింది. "రాజు సచ్చిండు అన్నా. గాయం కాదు. సచ్చిండు. దున్నెయ్ నీ తోటను."

బాపుకు రాజెవరో అర్థం కాలేదు. చుట్టుపక్కల పొలాలవాళ్ళు నలుగురు చేరారు. ఒకడు కిసుక్కున నవ్వాడు. బాపు నా వైపు తిరిగాడు. "ఏమే, మీ సారేనట గదా. గీన చెప్పేది నిజమేనా?"

ఇక్కడే నేను ఆగిపోతాను, ఎప్పుడు తలుచుకున్నా. నాకు అంతా తెలుసు. ఆ ఊళ్ళో సారు మాట అర్థమైన మనిషిని నేనొక్కదాన్నే. సారు బాపు మాటను బట్టి నన్ను గుర్తుపట్టి, జేబు మీద చెయ్యి పెట్టారు, తట్టబోతూ. నాకు సిగ్గేసింది. నలుగురి ముందు తడిసిన ప్యాంటుతో, మసక అద్దాలతో, పిచ్చివాడిలా అరుస్తున్న మనిషి మా సారని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. కూత విన్నప్పుడు బాపు కళ్ళలో నిండిన నీళ్ళు ఇంకా నా కళ్ళ ముందే ఉన్నాయి. కూత నిజం కావాలని నాకూ ఉంది.

"సారు గిట్లనే బాపూ. ఎప్పటిదో యుద్ధం కథ, అన్నిట్ల గదే చెప్తడు" అన్నాను.

అందరూ నవ్వారు. బాపు వంగి తడి మట్టిపెడ్డ తీసి విసిరాడు. "క్యాంపోనివి, నా తోట సంగతి నీకేం ఎర్క? పో గీడికెల్లి!" ఆ పెడ్డ సరిగ్గా వెళ్ళి సారు చొక్కా జేబు మీద పడింది. సారు దాన్ని దులుపుకోలేదు. నా వైపే చూశారు. అంత దూరం నుంచి ఆయనకు నా ముఖం కనపడి ఉండదని ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను.

రెండు నెలల్లో సారును ఎక్కడో అడవి అంచు కాలేజీకి బదిలీ చేశారు. ఎవరు చేయించారో రుజువు లేదు. రుజువు ఉండేలా చేసేంత తెలివితక్కువవాళ్ళు కారు వాళ్ళు.

కూత మళ్ళీ మోగలేదు. మా తోట ఏపుగా పెరిగింది. ఎందుకో ఆ యేడే అంత బాగా పెరిగింది. దూరపు ఫ్యాక్టరీ వాళ్ళు ఇదిగో అదిగో అని తిప్పి చివరికి రాలేదు. చెరకు వెన్ను వేసి తెల్లగా పూసింది. పూసిన చెరకులో రసం ఉండదు. ఎండిపోయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం బాపు తానే నిప్పు పెట్టాడు. రెండెకరాలూ ఒక్కసారి అంటుకుంటే టపాసుల చప్పుడు. చెరకు కాలితే కమ్మటి వాసన వస్తుంది. పానకం వాసన. ఆ రోజు నుంచి నేను పానకం ముట్టను.

ఎవరు చెప్పారో, సారు బస్సెక్కి వచ్చారు. మంట పక్క చేనుకు పాకకుండా వేపమండ పట్టుకుని మాతోపాటు కొట్టారు. బాపు ఆయన్ని చూసి అవతలి గట్టుకు వెళ్ళి నిలబడ్డాడు. అవ్వ చెంబుతో నీళ్ళిస్తే తాగారు. ఇప్పుడైనా 'నేను చెప్పలేదా' అంటారని ఎదురుచూశాను. అంటే బాగుండేది. తిట్టినా బాగుండేది.

ఆయన అద్దాలు తీసి మసి తుడుచుకుని నా ముందుకు వచ్చారు. దగ్గరగా వచ్చారు. ఈసారి నా ముఖం కనపడిందన్నదాంట్లో అనుమానం లేదు.

"మీ బాపుకు తెల్వదు" అన్నారు. మా భాషలోనే అన్నారు. "నాయకునికి సిగ్గు లేదు. నువ్వు పాఠం విన్నవు గదనే. నీకు ఎర్కే గదా!"

అంతే అన్నారు. నడుచుకుంటూ బస్టాపుకు వెళ్ళిపోయారు. అంత కోపంగా ఆయన ఎన్నడూ నాతో మాట్లాడలేదు, మళ్ళీ మాట్లాడలేదు కూడా.

ఆ తర్వాత ఒకే ఒక్కసారి చూశాను. రిటైరయ్యాక, పెన్షన్ కాగితాల జిరాక్సు కోసం నా దుకాణానికే వచ్చారు. దుకాణం నాదని తెలియదు. బాగా చిక్కిపోయారు. నేనే దగ్గరికి వెళ్ళి పేరు చెప్పాను. "నువ్వా అమ్మా" అన్నారు, శాంతంగా, వాళ్ళ తాత భాషలో. ఆ వారమే ఫ్యాక్టరీ తెరుస్తున్నామని మళ్ళీ ఒక ప్రకటన వచ్చింది. సారు గోడకు ఆరబెట్టిన ఆ ప్రకటన ఫ్లెక్సును ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళి చదివారు. నేను ప్రింటు చేసిందే. "గాయమేనట ఇంకా" అన్నారు. క్షమించండి సార్ అనడానికి నోరు తెరిచాను. మిషను చప్పుడు చేస్తోంది. ఎవరో కస్టమరు పిలిచారు. కాగితాలు తీసుకుని ఆయన వెళ్ళిపోయారు. జేబు తట్టలేదు.

ఇదంతా కడుపులో పెట్టుకుని నేను ఆ నాలుగు లైన్ల మ్యాటరు చూశాను. ఆర్డరు పంపినాయనకు ఫోన్ చేశాను.

"అన్నా, 'బతికే ఉన్నారు' అన్న లైను తీసేస్తున్న."

"ఎందుకక్కా? అందరికి గదే పెడ్తరు గదా. సంస్మరణ సభ, మంచిగుంటది."

"సారు చచ్చిపోయిండన్నా."

"అది ఎర్కే. గట్ల రాస్తరా ఎవలన్న?"

"ఫ్యాక్టరీ నడుస్తదని ఆయన ఎప్పుడు నమ్మిండు? నువ్వు గూడ మా కాలేజీల్నే చదివినవు గదా. నీకు ఎర్కే గదా!"

నా నోట్లోంచి అది సారు గొంతుతో వచ్చింది. అవతల గొంతు మారింది. "సూడక్కా, మ్యాటరు పైనుంచి వచ్చింది. మన చేతుల లేదు. నువ్వు కొట్టు, లేకుంటే లేదు. రేపటికెల్లి మా ఆర్డర్లు నీకు రావు, చెప్తున్న."

"రావద్దు. ఇంకో దుకాణంల కొట్టించుకో. ఆ నవ్వే ఫోటోను నా మిషను మీద మళ్ళీ ఎక్కనియ్య."

ఫోను పెట్టేశాను. నా ఆర్డర్లలో సగం వాళ్ళవే. అయినా కొత్త పేజీ తెరిచాను. సారు ఫోటో నిండుగా పెట్టాను. కింద టైపు చేశాను. 'సారు చనిపోయారు. మన ఫ్యాక్టరీ చచ్చిపోయిందని మనకు ముందుగా చెప్పింది ఈయనే. మనం నమ్మలేదు.' ఆ కింద 'ఇట్లు' అని కొట్టి ఆగాను. నా పేరు పెట్టాను.

వెనక కుర్చీ కిర్రుమంది. బాపు. పసుపు అమ్మడానికి మార్కెట్ యార్డుకు వచ్చినప్పుడల్లా నా దుకాణంలో కూర్చుని టీ తాగి పోతాడు. ఆయన అక్కడే ఉన్నాడని, ఫోను మాటలన్నీ విన్నాడని నాకు అప్పుడు తట్టింది. తోట కాలిన రోజు నుంచి ఇవాళ్టి వరకు మా ఇంట్లో సారు ఊసు ఎత్తినవాళ్ళు లేరు. బాపు దాని మీద ఒక్క మాట అన్నది లేదు. అందుకూ నాకు ఆయన మీద లోపల్లోపల కోపమే.

లేచి వచ్చి నా భుజం మీదుగా స్క్రీను చూశాడు. బాపు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుతాడు. చాలాసేపు చదివాడు.

"'మనం నమ్మలేదు' అని రాసినవ్" అన్నాడు. "మనం ఎందుకు? నమ్మంది నేను. నా పేరు పెట్టు."

నేను తల తిప్పలేదు. "నేను గూడ అబద్ధమే సెప్పిన బాపూ ఆ పొద్దు. నాకు ఎర్కుండి గూడ."

"నువ్వు సిన్నదానివి. మట్టిపెడ్డ ఇసిరింది నేను." స్క్రీను మీద వేలు పెట్టి, "అది గూడ రాస్తవా?" అని అడిగాడు.

"ఫ్లెక్సుల గట్ల రాయరు బాపూ."

"మంచిది. పేరన్న పెట్టు. ఎడపల్లి అని గూడ పెట్టు, లేకుంటే వేరే ఎవలో అనుకుంటరు."

పెట్టాను. ఇట్లు, మా బాపు పేరు, చెరకు రైతు, ఎడపల్లి. దాని కింద నా పేరు. బోధన్ బస్టాండు దగ్గర తానే నిలబడి కట్టిస్తానన్నాడు. చింపేస్తారని చెప్పాను. చింపేదాకా ఉంటది గదా అన్నాడు.

ప్రింటు బటను మీద వేలు పెట్టాను. బాపు నా చెయ్యి ఆపాడు.

"అచ్చరాలు జర పెద్దగ పెట్టు బిడ్డా. సారుకు దూరపు సూపు ఆనదు."

"సారు చచ్చిపోయిండు బాపూ."

"ఎర్కే" అన్నాడు. "అయినా పెద్దగ పెట్టు."